ఒక్క మ్యాచ్‌తో బలం తేలిపోద్దా?

మన శ్రీకాకుళం కుర్రాళ్లు యూనివర్సిటీ ఫుట్‌బాల్‌కి వెళ్లి మొదటి మ్యాచ్‌లోనే ఓడొస్తే, "మనోళ్ల లెవెల్ అంతేలే" అనేస్తాం. ఆగండి గురూ, లెక్క చూద్దాం.

ఈ పోటీలు జోన్లవారీగా జరుగుతాయి. మనది సౌత్ జోన్. కాలికట్, కేరళ లాంటి ఫుట్‌బాల్ పిచ్చి యూనివర్సిటీలు ఉన్నదీ ఇందులోనే. నాకౌట్‌లో 32 టీములుంటే 16 ఒక్క మ్యాచ్‌తోనే ఇంటికి. ఆ పదహారులో నిజంగా బలహీనం ఎవరు, డ్రాలో గట్టోళ్లు తగిలి పోయిందెవరు? స్కోర్‌బోర్డు చెప్పదు. ఓడించినోళ్లు తర్వాత ఎంత దూరం వెళ్లారో చూస్తే కొంత తెలుస్తుంది.

ఇంకోటి. ఎచ్చెర్లలో 2008లో వచ్చిన అంబేడ్కర్ యూనివర్సిటీకి ఆడేది మన జిల్లా కాలేజీల పిల్లలు. నా ఇంజనీరింగ్ రోజుల్లో మాది జేఎన్‌టీయూ కాకినాడ. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఎనిమిది జిల్లాల కాలేజీలు అప్పట్లో దాని కిందే ఉండేవి. ఈ రెండు టీముల్నీ ఒకే గాటన కడితే ఎలా?

క్రికెట్‌లో నయం. మన విజయనగరం విజ్జీ పేరు మీదున్న విజ్జీ ట్రోఫీలో యూనివర్సిటీల జోన్ జట్లే ఒకదాంతో ఒకటి తలపడతాయి. ఏ జోన్ గట్టిదో ఎదురెదురుగా తేలుతుంది.

మా రూమ్మేట్ ఒక్క ఓటమికే బూట్లు అటకెక్కించేశాడు. వాణ్ణి ఓడించిన టీమ్ ఆ తర్వాత ఇంకో మూడు రౌండ్లు గెలిచింది. మొన్నో పెళ్లిలో కలిస్తే ఈ లెక్కంతా చెప్పాను.

"అప్పుడే సెప్పొచ్చు కదేట్రా" అన్నాడు.