గ్యాస్ ప్లాంటు వాయువులకు విడి లెక్క ఏది?

మన అనంతసాగరం మండలంలో గ్యాస్ ప్లాంటు లేదు. కానీ వాన మీద, సోమశిల నీటి మీద బతికే మనకు, వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల లెక్కతో పనుంది.

కాకినాడ దగ్గర గాడిమొగలో రిలయన్స్ టెర్మినల్ 2009 నుంచి సముద్రపు గ్యాస్‌ను శుద్ధి చేస్తోంది. ఇలాంటి ప్లాంట్లలో కొంత గ్యాస్‌ను మంటపెట్టి కాల్చేస్తారు. కొంత వాల్వుల దగ్గర లీకవుతుంది. ఆ లీకయ్యే మీథేన్ 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది.

మార్కెట్ విలువలో ముందున్న 1,000 లిస్టెడ్ కంపెనీలు ఈ లెక్క చెప్పాలని 2022-23 నుంచి సెబీ తప్పనిసరి చేసింది. అయితే అడిగేది కంపెనీ మొత్తం అంకె, ప్లాంటు వారీగా కాదు. నేను చదివింది కామర్స్. పది బ్రాంచీల ఖాతాలు కలిపి ఒకే అంకె చూపిస్తే, ఏ బ్రాంచీ నష్టంలో ఉందో బయటివాళ్లకు తెలీదు. ఇదీ అంతే.

అమెరికాలో 2011 సంవత్సరం నుంచి పెద్ద గ్యాస్ ప్లాంట్లు విడివిడిగా లెక్క ఇస్తూ వచ్చాయి, జనం కూడా చూడగలిగారు. ప్లాంటు పేరు మీద అంకె ఉంటేనే పక్క ఊరివాళ్లు "పోయినేడు కంటే తగ్గిందా?" అని అడగగలరు. హిసాబ్ సాఫ్‌గా ఉంటేనే జవాబుదారీ.