బయటపడే దారికి తాళమా?

కరీంనగర్ మంకమ్మతోటలోనైనా, ఆదిలాబాద్ విద్యానగర్‌లోనైనా చాలా అపార్ట్‌మెంట్లలో రాత్రి పది దాటితే మెట్ల మొదట్లోని చానల్ గేటుకు తాళం పడుతుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరో, కింది వాటాలోని ఓనర్ దగ్గరో ఉంటుంది. మేడారం జాతరకు పోయొచ్చేసరికి తాళం వేసిన ఇండ్లలో బీరువాలు ఖాళీ అయ్యే రోజులివి. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ దొంగను ఆపే ఆ గేటే, మంటలు లేచిననాడు పై అంతస్తుల కిరాయిదార్లనూ ఆపుతుంది.

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లోని ఒక ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. ఆ పాత ఇంటికి ఉన్నది ఇరుకైన ఒక్క దారే. 2022 ఏప్రిల్‌లో మన పక్కనే నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు బలయ్యాడు. ఇప్పుడు అవే బండ్లు మెట్ల కింద, అదే చానల్ గేటు పక్కన చార్జింగ్‌లో ఉంటున్నాయి.

చట్టం ఏమంటోంది? నివాస భవనం ఎత్తు 18 మీటర్లు దాటితేనే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. మన బిల్డర్లు స్టిల్ట్ మీద నాలుగైదు అంతస్తులతో ఆ గీతకు ఇవతలే ఆగుతారు. బయటికి పోయే తలుపు లోపలి నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 చెబుతున్నా, ఈ భవనాల్లో దాన్ని అడిగేవారే లేరు. బ్రిటన్‌లో బీఎస్ 3621 ప్రమాణపు తాళానికి లోపల కూడా తాళంచెవి కావాలి. అందుకే అక్కడి ఫ్లాట్లకు చేత్తో తిప్పితే తెరుచుకునే బీఎస్ 8621 తాళం వేరుగా ఉంది. దొంగ బయట, మనిషి లోపల అన్న తేడా తెలిసిన ప్రమాణాలవి.

ఇక మంట లేచినా, దొంగ పడినా ఆదుకోవాల్సిన బీమా సంగతి. ఓనర్ ఇంటికి తీసుకున్న పాలసీ కిరాయిదారు టీవీకి, ఫ్రిజ్‌కు వర్తించదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్షను కిరాయిదారు కేవలం సామాన్లకు తీసుకోవచ్చు. కానీ అది ప్రధానంగా అగ్ని, వరదల వంటి నష్టాలకు; మామూలు దొంగతనానికి వేరే పాలసీ కావాలి. అక్కడా ఓ మెలిక ఉంది. బలవంతంగా చొరబడితేనే పరిహారమని పాలసీలో రాసుకుంటే, బలప్రయోగం లేని దొంగతనానికి డబ్బు రాదని 2004లో హర్‌చంద్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాత కిరాయిదారు దగ్గర మిగిలిన డూప్లికేట్ తాళంచెవితో తలుపు తీస్తే క్లెయిమ్ సంగతి చెప్పక్కర్లేదు. దీన్ని తప్పించడం సులువే: తలుపులో అమర్చే సిలిండర్ తాళమైతే, అంచున ఉన్న ఒక్క స్క్రూ విప్పి తాళంచెవి దూర్చే సిలిండర్‌ను మార్చొచ్చు, తాళం మొత్తం మార్చే పనిలేదు. ఆ కాస్త ఖర్చుకు వెనకాడే ఓనర్లే అడ్వాన్స్‌లో సున్నం, రంగుల పేరుతో కోత పెడతారు!

గ్యాస్‌దీ ఇదే తీరు. చమురు కంపెనీల బీమా కింద ఆస్తి నష్టానికి పరిహారం కనెక్షన్ నమోదైన చిరునామాకే. ఇల్లు మారినా పాత అడ్రసు మీదే సిలిండర్ తెప్పించుకునే కిరాయిదార్లు ఎందరో.

18 మీటర్ల లోపు భవనాలనూ కనీసం ఏడాదికోసారి తనిఖీ చేసే బాధ్యతను ప్రభుత్వం అగ్నిమాపక శాఖకు, పురపాలక సంస్థలకు అప్పగించాలి. అందాకా ఓనర్లు చానల్ గేటుకు లోపలి నుంచి చేత్తో తీసే లాక్ పెట్టించాలి, లేదా ప్రతి వాటాకూ ఒక తాళంచెవి ఇవ్వాలి. పదకొండు నెలల అగ్రిమెంట్‌పై సంతకం చేసే ముందు కిరాయిదార్లు ఈ మాట అడిగి రాయించుకోవాలి.