ప్రార్థన చేస్తాం, పని మాత్రం అడగొద్దు

మా సంఘంలో ఒక ఆదివారం సాక్ష్యాల వేళ ఒక చెల్లెలు లేచి నిలబడింది. తెల్లవారుజామున లేచి మున్సిపాలిటీ చెత్తబండి తోసే మనిషి. మూడు నెలలుగా జీతం పడలేదని చెప్పింది. గట్టిగా అడిగితే మస్తరులోంచి పేరు కొట్టేస్తానని మేస్త్రీ బెదిరించాడట. డ్రైనేజీ పనికి వెళ్ళే భర్తకు రాత్రిళ్ళు ఊపిరి ఆడటం లేదు, ఇఎస్ఐ కార్డు ఇప్పటికీ చేతికి రాలేదు. చెబుతూ చెబుతూ ఆమె గొంతు పూడుకుపోయింది. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. అందరం ఆమేన్ అన్నాం. తర్వాత కానుకల సంచి వచ్చింది. జీతం రాని ఆ తల్లి కొంగుముడి విప్పి అందులో తన వంతు వేసింది. ఆరాధన ముగిసింది, అందరం ఇళ్ళకు పోయి భోంచేశాం.

ఆ హాల్లో ఆ రోజు ఎవరెవరు కూర్చున్నారో నాకు తెలుసు. కార్మిక కోర్టులో కేసులు వాదించే లాయరుగారు ఉన్నారు. మున్సిపల్ ఆఫీసులో జీతాల బిల్లులు చూసే గుమస్తా ఉన్నాడు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఉంది. డ్రైనేజీ పనుల కాంట్రాక్టు చేసే పెద్దమనిషి ముందు వరుసలో, మెత్తటి కుర్చీలో ఉన్నాడు. ఇందరిలో ఒక్కరు లేచి ఆమె పక్కకు వచ్చి, "అమ్మా, రేపు పదింటికి ఆఫీసు దగ్గరికి రా, నేనూ వస్తాను" అనలేదు. ఒక్కరంటే ఒక్కరు! ఆ మాటకు ఖర్చేమీ కాదు. సోమవారం పొద్దున ఒక గంట పడుతుంది, అంతే.

యాకోబు పత్రిక ఐదే అధ్యాయాలు. మన బోధకులకు కంఠతా వచ్చు. కూడూ గుడ్డా లేక వచ్చిన సహోదరుణ్ణి వట్టి దీవెనతో సాగనంపేవాళ్ళ విశ్వాసం ప్రాణం లేనిదని యాకోబు తెగేసి చెప్పాడు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి కింద కూర్చోమనే సంఘాన్ని నిలదీశాడు. కోత కోసిన కూలీల డబ్బు బిగబట్టిన ధనవంతులను ఎంత మాట అనాలో అంత మాటా అన్నాడు. ఈ మూడూ మా హాల్లో ఆ ఒక్క పూటే జరిగాయి. పైగా ఆ నెలంతా మా దగ్గర బైబిలు పఠనం ఆ పత్రిక మీదే సాగుతోంది. తెలియక చేశామని చెప్పుకునే వీలు కూడా మనకు లేదు.

కోస్తా పట్టణాల్లో తెల్లవారకముందు రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళను పేర్లు అడిగి చూడండి. మరియమ్మ, మార్తమ్మ, సువార్తమ్మ, కరుణమ్మ. వాళ్ళలో చాలామంది కాగితం మీద క్రైస్తవులు కారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రలో అయితే బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సర్దుకోవాలి. అందుకని పిల్లవాడి సర్టిఫికెట్టు ఒక మాట చెబుతుంది, ఇంటి గోడ మీది సిలువ బొమ్మ ఇంకో మాట చెబుతుంది. ఆ తేడా ఎక్కడ బయటపడుతుందోనన్న భయంలోనే వాళ్ళు బతుకుతున్నారు. క్రైస్తవులైన దళితులను ప్రభుత్వం ఎస్సీలుగా లెక్కపెట్టడం లేదని మనం ధర్నాలు చేస్తాం, చేయాల్సిందే. మరి సంఘమైనా వాళ్ళను కష్టజీవులుగా లెక్కపెడుతోందా?

మురుగు గొయ్యిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఎక్కువైతే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. కంపు తగ్గిందిలే అనుకుని దిగినవాడు నాలుగు శ్వాసలు పీల్చేలోపు కూలిపోతాడు. పైనున్నవాడు పేరు పెట్టి పిలుస్తాడు. పలక్కపోతే నడుముకు తాడైనా కట్టుకోకుండా తనూ దిగిపోతాడు. ఈ చావులు ఇద్దరేసి, ముగ్గురేసి ఎందుకు ఉంటాయో తెలుసా? అందుకే. స్నేహితుడి కోసం ప్రాణం పెట్టడం గురించి మనం చల్లటి హాళ్ళలో కూర్చుని ప్రసంగాలు వింటాం. ఆ పని చేసి చూపించేవాడు మాత్రం మురుగులో ముఖం కిందికి పడి ఉంటాడు.

ఇది తప్పించలేని ప్రమాదమా? కానే కాదు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించితే మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. ఇరుకు సందుల్లోకి వెళ్ళగల చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017లోనే తెచ్చింది. యంత్రం ఉంది, చట్టం ఉంది, తీర్పు ఉంది. వాటిని మనిషి దాకా చేర్చే చెయ్యి లేదు. ఈ చట్టం మున్సిపాలిటీలకే అనుకోకండి. అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకు నిండితే నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి ఇద్దరు కుర్రాళ్ళను దించుతారే, ఆ అసోసియేషన్లలో మన సంఘ పెద్దలూ ఉన్నారు.

మన పాతతరం పెద్దలు ఇలాంటివాళ్ళు కారు. ధాత కరువు, 1876 నుంచి 78 దాకా దేశాన్ని ఊడ్చిపెట్టిన ఆ కరువు, ఒంగోలు ప్రాంతాన్ని పీక్కుతింటున్నప్పుడు అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నాడు. ఆయనకూ ప్రార్థన చేయడం తెలుసు. అక్కడితో ఆగలేదు. మిషనరీ కాకముందు భూమి సర్వే పని చేసినవాడు, ఆ విద్యను బయటికి తీశాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా ముక్కను ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్ళకు, ఎక్కువమంది మాదిగలు, పలుగూ పారా చేతికిచ్చి కూలి ఇచ్చాడు. కూలిలో కోత కోసే మేస్త్రీల చేతిలో వాళ్ళను పెట్టకుండా తన బోధకులనే పని మీద నిలబెట్టాడు. బోధకుడు ఎండలో నిలబడి గంపలు లెక్కపెట్టాడు, కూలి లెక్క చూశాడు. అదీ సువార్త పనే అని ఆ రోజు ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇంకో సంగతి. కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట ఆ పేదల మీద పడకూడదని. కరువు తెరిపిచ్చాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మన జూబిలీ సభలన్నిటిలో మారుమోగుతుంది, దానికి చప్పట్లు కొడతాం. అంతకుముందు తవ్విన కాలువ మాట మాత్రం ఎవరి నోటా రాదు. చెమట కథను తీసి పక్కన పెట్టి పంట కథ ఒక్కటే చెప్పుకునే మనకు ఆ వారసత్వం ఎక్కడిది? గుంటూరులో మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ ఆసుపత్రి కట్టింది. డిచ్‌పల్లిలో మిషనరీలు, ఊళ్ళు వెళ్ళగొట్టిన కుష్ఠు రోగుల పుండ్లు కడిగారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులకు మంచం వేశారు. ఆ పేర్లు చెప్పుకునే మనం, రాత్రిళ్ళు ఊపిరాడని ఆ చెల్లెలి భర్తకు ఇఎస్ఐ కార్డు ఇప్పించలేకపోయాం.

2023 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడే, ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. చేసే పనికి తగ్గ జీతం, ఉద్యోగ భద్రత అడిగారు. మా ఊళ్ళో వాళ్ళ టెంటు మా మందిరానికి కూతవేటు దూరంలో ఉంది. మేం నూతన సంవత్సరపు రాత్రి కూడిక ఏర్పాట్లలో ఉన్నాం. ఆ టెంటులో కూర్చున్న ఆడవాళ్ళలో సగంమంది వారం ముందు మాతో పాటు క్రిస్మస్ పాటలు పాడినవాళ్ళే. మా కమిటీ నుంచి ఒక్కరూ అక్కడికి వెళ్ళలేదు, మంచినీళ్ళ క్యానైనా పంపలేదు. వాళ్ళ తరఫున ఎవరో మాట ఎత్తితే మా పెద్ద ఒకాయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో గుచ్చుకుంటోంది: "జ్ఞానంగా ఉండాలి బ్రదర్. లోకసంబంధమైన గొడవలు మనకెందుకు?"

జ్ఞానమా ఇది? ఏడేళ్ళ కరువు ముందే చూసి కొట్లు కట్టించి ధాన్యం నింపించిన యోసేపుది జ్ఞానం. నెహెమ్యాను చూడండి. మందిరానికి ప్రహరీ కట్టాలన్నప్పుడల్లా మనం ఆయన్ని పిలుస్తాం, ఆయన పేరు మీద గోడ కానుకలు పోగుచేస్తాం. ఐదో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తాం. గోడ పని నడుస్తుండగానే ఆయన సభ పిలిచాడు. అప్పుల కింద సాటివాళ్ళ పొలాలు, ద్రాక్షతోటలు లాక్కున్న పెద్దమనుషుల్ని జనం ముందు నిలబెట్టాడు. అవన్నీ తిరిగి ఇచ్చేస్తామని వాళ్ళ చేత ప్రమాణం చేయించాడు. ఎవరి కానుక ఎంత పెద్దదో చూసుకోలేదు. కాంట్రాక్టరుగారి కానుక పోతుందని నోరు మూసుకోవడాన్ని జ్ఞానమని పిలిచే సాహసం ఆయన చేయలేదు.

మన కాలంలో బెజవాడ విల్సన్‌ను చూడండి. కోలార్ బంగారు గనుల పట్టణంలో, చేతులతో మలం ఎత్తే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. మలం మోసే తన వాళ్ళను చూసి ఏడ్చాడు. ఏడుపు దగ్గర ఆగలేదు. 1986లో అధికారులకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ళతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమాన్ని నడిపాడు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2014 తీర్పు ఆ కేసులో వచ్చిందే. ఆయనకు 2016లో మెగసెసే అవార్డు వస్తే మా సంఘం వాట్సాప్ గ్రూపంతా స్తోత్రాలతో నిండిపోయింది. మనవాడేనని పొంగిపోయాం. మనవాడు చేసిన పనిలో పిసరంతైనా మన ఊళ్ళో చేద్దామని ఒక్కరూ రాయలేదు.

నాకు ప్రార్థన మీద కోపం లేదు. ప్రార్థన లేకుండా ఒక పూట గడవని ఇంట్లో పుట్టినవాణ్ణి. చేయగలిగిన పనిని దేవుడి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం మీద నా కోపం. జీతాల బిల్లు మన గుమస్తా బల్ల మీద ఉంటే, దాన్ని కదిలించమని పరలోకాన్ని అడగడమేమిటి? మనుషుల్ని గోతిలో దించేది మన ముందు వరుసలోని మనిషైతే, వాళ్ళను కాపాడమని దేవదూతలను పంపమనడమేమిటి?

వచ్చే నెల మా కమిటీ ముందుకు కొత్త సౌండ్ సిస్టం, పెద్ద ఎల్‌ఈడీ తెర ప్రతిపాదన వస్తోంది. నేను అడ్డం పడతాను. ఆ డబ్బులో కొంత తీసి, ఆరాధన అయ్యాక మందిరం వరండాలో ఒక బల్ల వేయించమంటాను. ఇఎస్ఐ, పీఎఫ్ కాగితాలు నింపడానికి చదువుకున్న మన పిల్లలు అక్కడ కూర్చోవాలి. లాయరుగారు వారానికి ఒక గంట ఇవ్వాలి, నర్సమ్మ మురుగు పని చేసేవాళ్ళ ఊపిరి పరీక్షలకు ఆసుపత్రిలో చీటీ రాయించాలి. గుమస్తా తమ్ముడు ఎవరి జీతం ఏ బల్ల దగ్గర ఆగిందో చెప్పాలి. కాంట్రాక్టరుగారు కూడా రావాలి. తన దగ్గర పనికి వెళ్ళేవాళ్ళకు తొడుగులు, ముసుగులు, నడుము తాళ్ళు, గాలి పరీక్షించే పరికరం ఏవి ఇచ్చారో, ఎవరికి ఎన్ని నెలల బాకీ ఉందో ఆ బల్ల దగ్గర అందరి ఎదుట చెప్పాలి. బాకీ తీర్చేదాకా ఆయన కానుక తీసుకోవద్దని కూడా అడగబోతున్నాను. కాదనేవాళ్ళు కాదనే కారణాన్ని కమిటీ గదిలో గుసగుసగా కాకుండా, ఆదివారం మైకులో, ఆ చెల్లెలు కూర్చుని ఉండగా చెప్పండి.