వాగ్దాన కార్డు పొలం దున్నదు



పోయిన జనవరి 1 తెల్లవారుజామున మన మందిరంలో పళ్ళెం నిండా వాగ్దాన కార్డులు పోసి, ఒక్కొక్కరినీ పిలిచి తీయించింది మేమే. కాబట్టి ఈ మాటల దెబ్బ ముందు మాకే తగలాలి. కార్డు మీద ఉన్నది దేవుని వాక్యమే. కాని దాన్ని మనం లాటరీ టికెట్టు చేశాము. నచ్చిన వచనం రాలేదని కార్డు వెనక్కి పెట్టి ఇంకొకటి తీసినవారిని మేము కళ్ళారా చూశాము. ఏమీ అనలేదు.

తరువాత ఏమయింది? ఒక తమ్ముడికి హెచ్చింపును గూర్చిన వచనం వచ్చింది. పేరు చెప్పము, ఇలాంటివారు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. ఏడాదంతా ఫోనులో ప్రవచనాలు విన్నాడు గాని, పుస్తకం ముట్టలేదు. పరీక్ష ముందురోజు రాత్రి వచ్చి హాల్ టికెట్టు మీద చెయ్యి వేసి ప్రార్థించమన్నాడు. ప్రార్థించాము. పరీక్ష పోయింది. ఇప్పుడు దేవుడు తనను మరచిపోయాడంటున్నాడు. నోటితో పలికితే చాలు నీదైపోతుందని ఆ పిల్లవాడికి నేర్పిన బోధకులు జవాబు చెప్పాలి. వాళ్ళ కానుకల పెట్టె నిండింది, ఇతని ఏడాది పోయింది.

నెహెమ్యా గ్రంథము తీయండి. మొదటి అధ్యాయంలో ఆయన ఉపవాసముండి ప్రార్థించాడు. మనం అక్కడే పుస్తకం మూసేస్తాము! రెండవ అధ్యాయంలో రాజును సెలవు అడిగాడు, దూలాలకు మ్రాను ఇప్పించే పత్రం తీసుకున్నాడు, రాత్రివేళ వెళ్ళి కూలిన గోడలు చూసుకున్నాడు. మూడవ అధ్యాయమంతా ఎవరు ఏ భాగం బాగుచేశారో ఆ పేర్లే. షల్లూము కుమార్తెలు కూడా గోడ కట్టారు. తెకోవ ఊరి ఘనులు మాత్రం మెడ వంచలేదు, అదీ అక్కడే రాసి ఉంది. ఆ ప్రాకారం 52 దినాల్లో పూర్తయింది. మూడవ అధ్యాయం మీద ప్రసంగం మీరెప్పుడైనా విన్నారా? మేము కూడా చెప్పలేదు.

మన తెలుగు నేలనే చూడండి. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవారికి పని చూపించి కూలి ఇప్పించారు. వాక్యం చెప్పింది కూడా ఆ తవ్వేవారి మధ్యనే. కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు, అన్నం కోసం కలిశారన్న మాట రాకూడదని. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ ప్రాంతపు సంఘాలలో అనేకం ఆ కాలువ మట్టి మోసినవారి సంతానమే. ఆ మనవలకు మనం కార్డులు పంచుతున్నాము.

ఒక మాట జాగ్రత్తగా వినండి. నాట్లకు, పత్తి తీయడానికి వెళ్ళే అక్కలను మేము అనడం లేదు. వాళ్ళు పొద్దున్నే ప్రార్థన చేసుకుని, సద్ది కట్టుకుని ఆటో ఎక్కుతారు. అంత కష్టపడినా అప్పు తీరడం లేదంటే అది సోమరితనం కాదు, కూలి చాలకపోవడం. థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రికలో పౌలు గద్దించింది పని చేయనొల్లనివారిని, పని దొరకనివారిని కాదు. రోగులనూ ముసలివారినీ ఆ వచనంతో కొట్టే పాస్టర్లున్నారు, వాళ్ళతోనూ మాకు తగవే. పౌలు గారు కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట డేరాలు కుట్టి ఆ మాట అనే అర్హత సంపాదించుకున్నారు.

ఈ డిసెంబరు 31 రాత్రి మన మందిరంలో కార్డుల పళ్ళెం ఉండదు. ఆరాధన ఉంటుంది, ప్రార్థన ఉంటుంది. పరీక్షలు రాసే పిల్లలకు జనవరి 2 నుండి సాయంత్రం ఏడు నుండి తొమ్మిది వరకు మందిరంలో లైట్లు వేసి ఉంచుతాము, పుస్తకాలు తెచ్చుకోండి. కార్డు లేదని కోపం వచ్చినవారు నేరుగా మా ఇంటికే రండి. పొద్దున పది దాకా మాత్రం పొలంలో ఉంటాము.