జట్టులో పేరు లేని పిల్లల సంగతేంటి?

ఏటా బడులు తెరిచిన రెండు మూడు నెలలకే జిల్లా పేపర్లలో ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. మధ్యలో ప్రధానోపాధ్యాయుడు, పక్కన వ్యాయామ ఉపాధ్యాయుడు, చుట్టూ కొత్త టీషర్టులు వేసుకున్న పిల్లలు. కింద 'జిల్లా స్థాయి కబడ్డీ పోటీలకు ఎంపికైన విద్యార్థులు' అని రెండు లైన్లు. మంచిదే. ఆ పిల్లలకు మా అభినందనలు. కానీ బళ్లో నాలుగు వందల మంది చదువుతుంటే ఫొటోలో ఉన్నది పన్నెండు మంది. మిగతా మూడు వందల ఎనభై ఎనిమిది మంది ఆ ఏడాది ఏం ఆడారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మేం అడుగుతున్నాం.

మేం అంటే మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం వైపు బడుల్లో పాఠాలు చెప్పే ఆదివాసీ టీచర్లం. చెంచు గూడేల నుంచి, సుగాలి తండాల నుంచి, యానాది, ఎరుకల కాలనీల నుంచి చదువుకుని వచ్చినవాళ్లం. మా పిల్లలు ఎనిమిదో తరగతికో తొమ్మిదికో పెద్ద బడికి వస్తారు. లెక్కల్లో వెనకబడ్డారని ఒకరంటారు, ఇంగ్లీషు రాదని ఇంకొకరంటారు. వాళ్లకు మిగిలిన ధైర్యం ఒక్కటే: మేం పరిగెత్తగలం, ఎగరగలం, చెట్టెక్కగలం. సెలక్షన్ రోజు ఆ ధైర్యం కూడా పోతుంది. గంటసేపు విజిల్ ఊది, పన్నెండు పేర్లు చదివి, మిగతావాళ్లను క్లాసుకు పొమ్మంటారు. పుస్తకానికి పనికిరావని ముందే విన్న పిల్లవాడు ఒంటికి కూడా పనికిరావని ఆ రోజు వింటాడు. ఆ వారం హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లి మళ్లీ రాని పిల్లలు మాకు తెలుసు. రిజిస్టర్లో మాత్రం 'డ్రాపవుట్' అని ఉంటుంది. ఎందుకు మానేశాడో రాసే గడి అందులో లేదు.

ఈ ఎంపిక చిన్న విషయమని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలుగా జరుగుతాయి. మండలం నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం, అక్కణ్నుంచి జాతీయం. పైమెట్టు ఎక్కిన కొద్దీ సర్టిఫికెట్ విలువ పెరుగుతుంది. మన రాష్ట్రం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. అంటే ఆగస్టులో బడి గ్రౌండులో ఊదిన విజిల్ రేపటి ఉద్యోగానికి మొదటి గేటు. ఆ గేటు దగ్గర ఎవరు నిలబడగలుగుతున్నారో చూడాలి కదా.

మొదటి సంగతి, నేర్పేవాళ్లు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికీ కావలసిన ఆట సామగ్రి ఇవ్వాలని రాసుంది. అదే షెడ్యూలు 6 నుంచి 8 తరగతుల బడిలో వంద మందికి మించి పిల్లలుంటేనే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలంటుంది. మా గూడేల్లో, తండాల్లో వంద మంది పిల్లలుండే బడి ఎక్కడుంది? కాబట్టి మావాడు ఆట నేర్పే మాస్టారిని మొదటిసారి చూసేది పెద్ద బడికి వచ్చాకే. పక్కన నిలబడ్డ పిల్లవాడు మూడేళ్లుగా కోర్టు మీద కూత పెడుతున్నాడు. ఇద్దరికీ ఒకే గంట పరీక్ష. ఆ పరీక్షలో బయటపడేది ఎవరికి ముందు మాస్టారు దొరికాడన్నదే. ఎవరికి సత్తా ఉందో అందులో తేలదు.

రెండోది వయసు. మా పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గరే పుట్టారు. బడిలో చేర్చిన రోజు టీచరు రాసిందే పుట్టిన తేదీ. అందులో ఏడాది ఎక్కువ పడితే పదమూడేళ్లవాడు పదిహేనేళ్లవాళ్లతో తలపడాలి. ఎదిగే వయసులో కొన్ని నెలల తేడా కూడా ఎంత పెద్దదో చదువుకున్న లోకానికి ఎప్పుడో తెలుసు. 1985లో కెనడాలో రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు ఐస్ హాకీ జట్లను పరిశీలించారు. అక్కడ వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఏడాది మొదటి నెలల్లో పుట్టిన పిల్లలే జట్లలో ఎక్కువగా కనిపించారు. ఎంపిక చేసినవాళ్లు ప్రతిభ అనుకున్నదాంట్లో కొంత భాగం ఆరు నెలల ముందు పుట్టడమే. అక్కడ తేదీలు సరిగ్గా ఉండే ఇలా జరిగింది. తేదీయే అందాజుగా రాసిన మా పిల్లల సంగతి ఏమనాలి?

మూడోది ఒళ్లు. ఎత్తు చూస్తారు, బరువు చూస్తారు, ఊపిరి చూస్తారు. మన పడమటి మండలాల నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో పళ్లు చూస్తేనే తెలుస్తుంది. ఎముకలకు, కీళ్లకు అది చేసేది కొత్తగా చెప్పక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత. రక్తం లేని పిల్లను రెండు రౌండ్లు పరిగెత్తించి 'నీకు స్టామినా లేదు' అనడం ఏం న్యాయం? ఆ పిల్లకు ముందు కావలసింది తిండి, ఐరన్ మాత్ర, రోజూ కాసేపు ఆట. ఆ మూడూ ఇచ్చాక పరుగు పెట్టించండి.

నాలుగోది దారి. ప్రాక్టీసు సాయంత్రం బడి వదిలాక పెడతారు. తుమ్మలబైలు, చింతల, పాలుట్ల లాంటి అడవి గూడేల పిల్లలకు సాయంత్రం దాటితే దారి అడవిదే. ఆడపిల్లయితే అమ్మానాన్నలు అసలు ఆగనివ్వరు, వాళ్లనేమీ అనలేం. 1970లో జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఏళ్ల తరబడి మాకు జిల్లా సెలక్షన్ అంటే ఒంగోలు ప్రయాణంగానే ఉండేది. మార్కాపురం నుంచే సుమారు వంద కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా ఎక్కువ. బస్సు చార్జీ, అన్నం, బూట్లు అన్నీ ఇంటి నుంచే అంటే కూలికి పోయే తండ్రి ఏం చేస్తాడు? జిల్లా కేంద్రం ఎంత దగ్గరికి వచ్చినా గూడెం నుంచి గ్రౌండుకున్న దూరం తగ్గదు.

ఇన్ని జల్లెళ్లు పట్టాక మాతో అనే మాట ఒకటుంది: 'మీవాళ్లకు పుట్టుకతోనే వస్తుంది కదా సార్.' ఇది పొగడ్తలా వినిపిస్తుంది, లోపల ముల్లుంది. పరుగులో వెనకబడ్డ పిల్లవాణ్ని 'నువ్వేం చెంచోడివిరా' అని నవ్వుతారు. రెడ్ల పిల్లవాడు వెనకబడితే ఒక పిల్లవాడే వెనకబడినట్టు, మా పిల్లవాడు వెనకబడితే జాతి మొత్తం తప్పినట్టు. విల్లు సంగతీ అంతే. అడవిలో తండ్రి చేతిలో విల్లుంటే 1972 వన్యప్రాణి చట్టం గుర్తొస్తుంది. పంద్రాగస్టు నాడు కొడుకు చేతిలో అదే విల్లు పెట్టి చప్పట్లు కొడతారు. రాజస్థాన్ ఆదివాసీ లింబా రామ్‌ను 1987లో స్పోర్ట్స్ అథారిటీ ఎంపిక చేసింది. వెదురు విల్లుతో పెరిగిన ఆయన 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్ ఆడాడు. మాకూ గర్వమే. కానీ ఆ ఎంపికలో మిగిలిపోయిన పిల్లలెవరో, తర్వాత ఏమయ్యారో ఎవరికీ పట్టలేదు. అడవిలోకి వచ్చి ఒక్కణ్ని ఏరుకుని పోవడమే ఆదివాసులకు క్రీడలివ్వడం అయితే, ఆ లెక్కలో మేం లేం.

జట్టులోకి రాని పిల్లవాణ్ని ఓదార్చడానికి మైకేల్ జోర్డాన్ కథ చెబుతారు. బడి జట్టులోకి తీసుకోకపోయినా పట్టుదలతో ప్రపంచ వీరుడయ్యాడని. కథలో సగమే చెబుతారు. అమెరికాలోని విల్మింగ్టన్‌లో ఆయన చదివిన లేనీ హైస్కూల్లో పెద్ద జట్టులో చోటు దొరకలేదన్నది నిజం. కానీ ఆయన్ని ఇంటికి పంపలేదు. ఆ బడికి రెండో జట్టుంది. అందులో ఏడాదంతా ఆడాడు. కోచ్, మ్యాచ్‌లు, గ్రౌండు అన్నీ ఉన్నాయి. మన బడుల్లో రెండో జట్టు ఎక్కడ? అది లేకుండా పట్టుదల నేర్చుకో అని పిల్లవాడికి చెప్పడం, ఈత రానివాణ్ని ఎండిన చెరువు గట్టున కూర్చోబెట్టి ఈదమన్నట్టే.

'జట్టులో పన్నెండు మందే కదా, అందరినీ ఎట్లా తీసుకుంటాం' అంటారు. అందరినీ జిల్లాకు పంపమని మేం అడగలేదు. లెక్క చూడండి. కబడ్డీకి బంతి అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు, ముగ్గుపిండితో గీతలు గీస్తే చాలు. తరగతిలో నలభై రెండు మంది ఉంటే ఏడుగురి చొప్పున ఆరు జట్లు. పది నిమిషాల ఆటలు మూడు. అరగంటలో తరగతి మొత్తం ఆడేస్తుంది. సమగ్ర శిక్ష కింద ఆట సామగ్రికి ప్రాథమిక బడికి ఏడాదికి 5,000, ప్రాథమికోన్నత బడికి 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు ఇచ్చే పద్ధతి ఉంది. ఆ డబ్బుతో కొన్న వాలీబాల్ ఎవరి చేతిలో ఉంది? జట్టు పన్నెండు మంది చేతిలోనా, నాలుగు వందల మంది చేతిలోనా, బీరువాలోనా?

'అందరినీ ఆడిస్తే చాంపియన్లు రారు' అనేది ఇంకో మాట. నార్వే దేశం 1987లోనే పిల్లల క్రీడాహక్కులు రాసుకుంది. పదకొండేళ్లు నిండకముందు పిల్లలకు ర్యాంకులు ప్రకటించకూడదు. పదమూడేళ్లలోపు వాళ్లకు జాతీయ చాంపియన్‌షిప్పులు పెట్టకూడదు. ముందు అందరూ ఆడాలి. ఆ దేశం జనాభా అరకోటికి కొంచెం ఎక్కువ. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలు, 2022లో 37 పతకాలు, రెండుసార్లూ పతకాల లెక్కలో అందరికంటే పైన. గట్టి వేళ్లున్న చెట్టే కాయ కాస్తుందని మన ముసలమ్మలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా గూడేల్లో కొండచరియ తేనె తీయడానికి తాడు పట్టుకుని దిగేది ఒక్కడే. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది. పొగ పెట్టేవాళ్లు, మోసేవాళ్లు వేరే ఉంటారు. తాడు పట్టినవాణ్ని నువ్వు ఎంపిక కాలేదని ఎవరూ వెనక్కి పంపరు. తేనెలో వాళ్లందరికీ వాటా ఉంటుంది. బడి మా పిల్లలకు నాగరికత నేర్పుతుందంటారు. ఈ ఒక్క విషయంలో బడే గూడెం దగ్గర నేర్చుకోవాలి.

మేం కోరేవి పెద్ద కోరికలేం కావు. ప్రతి ఉన్నత పాఠశాలలో ప్రతి ఆటకూ రెండో జట్టు, మూడో జట్టు ఉండాలి. పక్క బడి రెండో జట్టుతో వాటికి మ్యాచ్‌లు పెట్టాలి. ప్రాక్టీసు బడి వేళల్లోనే జరగాలి. పదో తరగతి ఫలితాల పేరుతో ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇవ్వడం మానాలి. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల గట్టి కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది అందరి గురించి, జట్టులో ఉన్నవాళ్ల గురించి మాత్రమే కాదు. సెలక్షన్ ఒక గంటలో ముగించకుండా, నెల రోజులు అందరినీ ఆడించి చేయాలి. ఎంపిక కానివాళ్లను మళ్లీ పిలిచే తేదీ అదే రోజు చెప్పాలి. పోటీలకు వెళ్లే ప్రతి ఆదివాసీ పిల్లవాడి చార్జీ, భోజనం, బూట్లు ఐటీడీఏ గానీ విద్యాశాఖ గానీ భరించాలి. వంద మంది లేని బడులకు నాలుగైదింటికి కలిపి ఒక వ్యాయామ ఉపాధ్యాయుణ్ని వేయాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. బడి కమిటీ మీటింగుకు పిలిచినప్పుడు మార్కులొక్కటే అడగొద్దు. 'మా పిల్ల ఈ వారం ఎన్ని రోజులు ఆడింది?' అని అడగండి. ఆట సామగ్రి రిజిస్టర్ చూపించమనండి. గ్రౌండు మీద ఎవరున్నారో ఒకసారి నిలబడి లెక్కపెట్టండి. పన్నెండు దగ్గరే లెక్క ఆగిపోతే, ఎందుకు ఆగిందో అక్కడే, అప్పుడే అడగండి.