పి.టి.కి ఒక గురి ఉండాలి

అక్కలకు, చెల్లెళ్ళకు ఒక ప్రశ్న. పొద్దున్నే విజిల్ ఊదగానే మనం పరిగెడతాం. ఎందుకు పరిగెడుతున్నామని ఎవరైనా అడిగితే ఏం చెప్తాం? "మేడమ్ పరిగెత్తమన్నారు" అంటాం. అంతకు మించి మన దగ్గర జవాబు లేదు.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు అందరినీ గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టమన్నారు. ఆరో తరగతి చెల్లి ఒకతి నాలుగో రౌండ్‌లో కళ్ళు తిరిగి పడిపోయింది. నర్సమ్మ గారు చూసి ఒంట్లో రక్తం తక్కువుందన్నారు. నేనేమో పది రౌండ్లూ పూర్తి చేశాను. మాది మారేడుమిల్లి వైపు కొండల్లో ఊరు. రోజూ ఎక్కి దిగినదాన్ని కాబట్టి నాకు పెద్దగా ఆయాసం రాలేదు. అంటే ఆ పది రౌండ్లు ఆ పిల్లకి ఎక్కువ, నాకు తక్కువ. ఇద్దరికీ మేలు చెయ్యలేదు. ఇప్పుడు ఆ పిల్ల పి.టి. అంటేనే భయపడి, కడుపునొప్పి అని పడుకుంటోంది. నా బాధ అదే.

మలావత్ పూర్ణ గారి పేరు మనం విన్నాం. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన గిరిజన బాలిక. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకి 14 ఏళ్ళు నిండలేదు. ఎత్తు 8,848 మీటర్లు! కాని ఒక్కసారే ఎక్కెయ్యలేదు. ముందు భువనగిరి బండ. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ. ఆ తర్వాత లద్దాఖ్ చలి. అవన్నీ అయ్యాకే ఎవరెస్టు. గురి అంటే అదీ.

"అందరూ పూర్ణలవుతారా?" అని కొందరు నవ్వుతారు. అవ్వక్కర్లేదు. మా అమ్మ బడి మొహం చూడలేదు. అయినా సంత రోజున తట్ట నెత్తిన పెట్టుకుని, ఎండ ఎక్కకముందే వాగు దాటాలని లెక్కేసుకునే బయల్దేరుతుంది. ఎంత బరువు, ఎంత దూరం, ఎప్పటికి చేరాలి, మూడూ ఆమెకి తెలుసు. చదువుకునే మనకి తెలియకపోతే ఎలా?

లెక్కలు రాస్తే వెనకబడ్డవాళ్ళు సిగ్గుపడతారని మా క్లాసు అమ్మాయి ఒకతి అంది. నిజమే. అందుకే ఎవరి లెక్క వాళ్ళ నోటుబుక్కులోనే ఉండాలి. పోయిన వారం నేనెంత, ఈ వారం నేనెంత, అంతే. పక్కదానితో పని లేదు.

నా మనవులు ఇవి:

1. ముందు అందరికీ ఎత్తు, బరువు, రక్తం పరీక్ష చేయించాలి. రక్తం తక్కువున్నవాళ్ళు నడకతో మొదలుపెట్టాలి. సికిల్ సెల్ ఉన్నవాళ్ళు డాక్టరు గారు చెప్పినంతే చెయ్యాలి, మధ్యమధ్య నీళ్ళు తాగాలి.

2. గురిలో అంకె ఉండాలి, తేదీ ఉండాలి. "బాగా పరిగెత్తాలి" అంటే గురి కాదు. "సంక్రాంతి సెలవుల లోపు ఆగకుండా ఆరు రౌండ్లు" అంటే గురి.

3. ప్రతి శనివారం కొలిచి రాసుకోవాలి. రోజూ పరిగెత్తేటప్పుడు మాట్లాడలేనంత ఆయాసం వస్తే వేగం తగ్గించాలి.

4. పరీక్షలొచ్చాయని పి.టి. పీరియడ్ తీసెయ్యకూడదు.

మొన్న ఆ చెల్లిని అడిగాను, ఎన్ని రౌండ్లు వెయ్యగలవని. "రెండు రౌండ్లు నడుస్తానక్కా" అంది. ఈ వారానికి రెండే దాని గురి. ఆ రెండు రౌండ్లూ నేను దాని పక్కన నడుస్తాను. నావి తర్వాత పరిగెడతాను.

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని