పన్నెండు గంపలు ఎత్తింది ఎవరు?



నెలకొక శనివారం పొద్దున్నే రెండు గంటలు కాలువ గట్టున చెత్త ఏరుదామని మొన్న ఆరాధనలో ప్రకటించాను. ఆరాధన ముగిసిందో లేదో, ముగ్గురు నాతో వాదనకు దిగారు. మీ ఊళ్లో ఈ పని మొదలుపెట్టినా ఇవే వాదనలు వస్తాయి. అందుకే జవాబు రాస్తున్నాను.

మొదటి ఆయన అన్నాడు: "అయ్యగారూ, మన పని సువార్త. చెత్త పంచాయతీ పని."

యోహాను సువార్త ఆరో అధ్యాయం తీయండి. ఐదు రొట్టెలు, రెండు చేపలు, ఐదు వేల మంది పురుషులు. ఎన్నిసార్లు ప్రసంగించాం దీని మీద! పన్నెండు గంపలు మిగిలాయని గొప్పగా చెబుతాం. ఆ గంపలు నింపింది ఎవరో మాత్రం చెప్పం. శిష్యులే గదా! అవి రొట్టెముక్కలు, ప్లాస్టిక్ కాదు, నిజమే. ఏదీ పాడు కాకూడదన్నదే ప్రభువు చెప్పిన కారణం. కానీ అంత అద్భుతం జరిగాక కూడా ఆయన శిష్యులను వేదిక మీద కూర్చోబెట్టలేదు, వంగి ఏరమన్నాడు.

మరి మన ఉజ్జీవ సభల సంగతి? మూడు రాత్రులు హల్లెలూయ. నాలుగో రోజు పొద్దున ఆ పొలానికి వెళ్లి చూడండి. బిర్యానీ ప్లేట్లు, గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు. గాలికి కొట్టుకుపోయి పంట కాలువలో పడతాయి, తూముకు అడ్డం పడతాయి. చివరి పొలం రైతుకు నీరందదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. చట్టం వద్దన్న ప్లేటులో వడ్డించుకుని, దాని మీద ప్రార్థన చేసి తింటున్నాం మనం!

రెండో ఆయన అన్నాడు: "ఇంత ఎందుకండీ, ఓ అగ్గిపుల్ల గీస్తే సరి."

సరికాదు. ప్లాస్టిక్ కాలితే మాయం కాదు, పొగై మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పీవీసీ లాంటివి కాలితే డయాక్సిన్ అనే విషం పుడుతుంది. కాల్చకుండా వదిలేసినా తప్పదు. గ్లాసులో నిలిచిన వాననీరు చాలు, డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, పది రోజులు తిరక్కుండానే అవి దోమలై ఎగురుతాయి. అన్నం వాసనకు ఆవు కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు. పొట్ట ఉబ్బి చచ్చిన ఆవు విలువ విధవరాలిని అడగండి, చెబుతుంది. రెండు గంటలు వంగితే ఇవన్నీ కొంతైనా తప్పుతాయి. ఏరిన చేయి మళ్లీ పారేయడానికి వెనకాడుతుంది కూడా.

మూడో ఆయన మా సంఘపెద్ద. ఆయన గొంతు పెంచలేదు. "అయ్యగారూ, మా తాత చేతిలో చీపురు పెట్టింది ఊరు. దాన్ని వదిలించుకోడానికి మాకు రెండు తరాలు పట్టింది. నా మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి చేతికి మీరు గంప ఇస్తారా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన మాట నిజం. ఊరంతా పారేసిన చెత్తను మన పేట ఒక్కటే ఏరితే, అది సేవ కాదు, పాత వెట్టికే కొత్త పేరు. అలాంటి సేవకు నేను ఎవరినీ పిలవను.

కానీ ప్రభువు పాదాలు కడిగిన రాత్రి గుర్తు చేసుకోండి. ఇంకాస్త బాగా కడగమని ఆయన ఏ దాసుడికీ ఉపదేశించలేదు. బోధకుడే లేచి తువాలు కట్టుకున్నాడు. వంగవలసింది పైన కూర్చున్నవాడు.

కాబట్టి మా పని ఇలా ఉంటుంది. మొదటి గంప నాది, రెండోది సభలు పెట్టించిన కమిటీది. ముందు ఏరేది మన సభాస్థలమే, మనం పారేసిందే. ఊరి చెత్తకు ఊరంతా రావాలి. సర్పంచ్ గారిని, గుడి కమిటీని, మసీదు పెద్దలను, బడి మాస్టర్లను, పెద్దరైతులను స్వయంగా వెళ్లి పిలుస్తాను. వాళ్లు రాకపోతే మన పేట మాత్రమే ఊరి వీధిలోకి వెళ్లదు. చేతులకు గ్లవుజులు లేకుండా ఎవరూ దిగరు, సూదులూ గాజుపెంకులూ పిల్లలు ముట్టరు. మనం ఏరుతున్నామని పారిశుద్ధ్య కార్మికులను తీసేస్తామంటే, జీతం ఆపుతామంటే, గ్రామసభలో ముందు లేచి మాట్లాడేది మనమే.

ఇకపై మా ప్రేమవిందుల్లో విస్తరాకులు, స్టీలు గ్లాసులు. కడగడానికి పురుషులు కూడా కూర్చోవాలి.

ఇవన్నీ విని సంఘపెద్ద చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత, "పెద్దరైతు వస్తే నాకు కబురు పంపండి, నేనూ వస్తా" అన్నాడు. ఆ కబురు ఇంకా పంపలేకపోయాను. పెద్దరైతు ఇంటి గడప ఇప్పటికి రెండుసార్లు తొక్కాను. మూడోసారి వెళ్తున్నాను, ప్రార్థించండి.

ఈలోగా నా గంప సిద్ధంగా ఉంది. దైవజనులారా, మీది?

ప్రభువు మనందరికీ వంగే నడుము దయచేయును గాక. ఆమేన్.